కొలెస్ట్రాల్ మాత్రకు కాఫీతో పేచీ లేదు, మీ థైరాయిడ్ మాత్రకు ఉంది

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారాలు. నా వయసు 54. మాది తణుకు. రెండు నెలల కిందట రక్తపరీక్షలో ఎల్‌డీఎల్ కొలెస్ట్రాల్ 168 వచ్చింది. డాక్టరు గారు అటోర్వాస్టాటిన్ 10 మిల్లీగ్రాముల మాత్ర రోజుకొకటి రాశారు. రాత్రయితే మర్చిపోతానని పొద్దున్నే కాఫీతో పాటే వేసేసుకుంటున్నాను. మా తోడికోడలు చూసి, కాఫీతో వేసుకుంటే ఆ మాత్ర పనిచేయదు, పైగా లివర్ పాడవుతుంది అంది. డల్లాస్‌లో ఉన్న మా అబ్బాయేమో అసలు కాఫీ వల్లే కొలెస్ట్రాల్ పెరుగుతుంది, మానేయమ్మా అని ఫోన్ చేసినప్పుడల్లా పోరుతున్నాడు. చిన్నప్పటి నుంచీ ఫిల్టర్ కాఫీ అలవాటు, రోజుకు మూడుసార్లు. అది లేకపోతే నాకు తెల్లారదు. నెల రోజులుగా సాయంత్రమయ్యేసరికి పిక్కలు పట్టేస్తున్నాయి. మాత్ర వల్లేనేమో అని రెండు రోజులు మానేసి మళ్లీ మొదలుపెట్టాను. ఎనిమిదేళ్లుగా థైరాయిడ్ మాత్ర కూడా వాడుతున్నాను. మొదట 50, తర్వాత 75, కిందటేడు 100 చేశారు. అది కూడా పొద్దున కాఫీకి ముందే వేసుకుంటాను, దానితో ఏ ఇబ్బందీ లేదు. ఇప్పుడు కాఫీ మానాలా, కొలెస్ట్రాల్ మాత్ర మానాలా? చాలా టెన్షన్‌గా ఉంది.
- ఒక సోదరి, తణుకు

సమాధానం:

అమ్మా, ముందు ఒక మాట చెప్పేస్తాను, మిగతాది నెమ్మదిగా చదువుకోండి. కాఫీ మానక్కర్లేదు. కొలెస్ట్రాల్ మాత్ర మీ అంతట మీరు మానొద్దు. మీరు అడిగిన రెండింటికీ జవాబు ఇంతే. కానీ మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన మాట ఈ రెండింటి గురించీ కాదు. చివర్లో, ఏదో మాటవరసకు అన్నట్టు థైరాయిడ్ మాత్ర గురించి ఒక ముక్క రాశారు చూడండి, "దానితో ఏ ఇబ్బందీ లేదు" అని. అసలు ఇబ్బంది అక్కడే ఉందని నా అనుమానం. అక్కడికి వస్తాను. ముందు మీ తోడికోడలు గారి మాట తేల్చేద్దాం.

మనం మింగిన మందుల్ని విరగ్గొట్టి బయటికి పంపే ఎంజైములు కాలేయంలో చాలా రకాలున్నాయి. అటోర్వాస్టాటిన్‌ను విరగ్గొట్టేది సీవైపీ3ఏ4 అనే ఎంజైము. కాఫీలోని కెఫీన్ సంగతి చూసేది సీవైపీ1ఏ2. ఈ పేర్లు గుర్తుపెట్టుకోవాల్సిన పనిలేదు, రెండూ వేరువేరని తెలిస్తే చాలు. ఒకదాని దారికి ఇంకొకటి అడ్డం రాదు. అందుకే కాఫీ తాగినంత మాత్రాన ఈ మందు ఒంట్లో పేరుకుపోవడం గానీ, పనిచేయకుండా పోవడం గానీ జరగదు. ఇలాంటిదే ఇంకో కొలెస్ట్రాల్ మాత్ర, రోసువాస్టాటిన్, వాడేవాళ్లకూ ఇదే మాట. అది కాలేయంలో పెద్దగా విరగనే విరగదు, చాలావరకు ఉన్నదున్నట్టే బయటికి పోతుంది. కాఫీలో కలిపే పాలు కూడా ఈ మాత్రలకు అడ్డు కాదు. పరగడుపున వేసుకున్నా, టిఫిన్ తిన్నాక వేసుకున్నా అటోర్వాస్టాటిన్ కొలెస్ట్రాల్‌ను తగ్గించడంలో తేడా రాదు.

ఒక్కటి మాత్రం మార్చుకోండి. మాత్రను కాఫీ గుక్కతో మింగకండి. మందు చెడిపోతుందని కాదు. కాఫీ వేడిగా ఉంటుంది కాబట్టి చిన్న గుక్కే వేస్తాం, మాత్ర గొంతు దిగి మధ్యలో అంటుకుని మంట పెడుతుంది. గ్లాసుడు మామూలు నీళ్లతో మింగి, తర్వాత తీరిగ్గా కాఫీ తాగండి.

మరి మీ తోడికోడలు గారి మాట ఎక్కడి నుంచి వచ్చింది? ఆవిడ ఊరికే అనలేదు, ఎక్కడో ఏదో విని ఉంటారు. ఈ మాత్రల్లో కొన్నింటికి నిజంగా పడని పండు ఒకటుంది, గ్రేప్‌ఫ్రూట్. దాని రసం పేగుల్లో ఉండే ఆ సీవైపీ3ఏ4 ఎంజైమునే నొక్కేస్తుంది, దాంతో మందు రక్తంలోకి ఎక్కువగా చేరుతుంది. పేరులో గ్రేప్ ఉంది కదా అని ద్రాక్షపళ్లు మానేసినవాళ్లను నేను చూశాను. అది ద్రాక్ష కాదు. మన పంపర పనసకు దగ్గరి చుట్టం. పంపర పనసలోనూ ఆ గుణం ఉన్న పదార్థాలున్నాయి కాబట్టి అటోర్వాస్టాటిన్, సింవాస్టాటిన్ వాడేవాళ్లు దాని జోలికి పోకపోవడమే మంచిది. బత్తాయి, ద్రాక్ష, అరటి హాయిగా తినొచ్చు.

పండు కంటే నేను ఎక్కువ భయపడేది తామర మందుకు. మన దగ్గర తొడల మధ్య తామర వస్తే మందుల షాపులో అడిగి ఇట్రాకొనజోల్ తెచ్చుకుని వాడేయడం చాలా మామూలైపోయింది. ఆ మందు కూడా ఇదే ఎంజైమును గట్టిగా నొక్కేస్తుంది. సింవాస్టాటిన్‌తో అయితే దాన్ని అసలు కలపకూడదు, అటోర్వాస్టాటిన్‌తో డాక్టరు చూసి, డోసు సరిచూసి మాత్రమే ఇవ్వాలి. దగ్గుకో గొంతునొప్పికో రాసే క్లారిత్రోమైసిన్ కూడా ఈ కోవలోదే. కాబట్టి ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా, పళ్ల డాక్టరైనా చర్మం డాక్టరైనా సరే, "నేను కొలెస్ట్రాల్ మాత్ర వాడుతున్నానండీ" అని చెప్పండి. కాఫీ గురించి పడుతున్న దిగులు ఈ విషయం మీద పెడితే మీకు నిజంగా ఉపయోగం.

రాత్రే వేసుకోవాలా అన్నది మీరు సూటిగా అడగలేదు గానీ, మర్చిపోతానని పొద్దున వేసుకుంటున్నట్టు కాస్త తప్పు చేసినదానిలా రాశారు. తప్పేం లేదు. మన ఒళ్లు కొలెస్ట్రాల్‌ను రాత్రిపూట ఎక్కువగా తయారుచేస్తుంది. స్టాటిన్లనే ఈ జాతి మందులకు మూలం 1973లో జపాన్‌లో దొరికింది. అకిరా ఎండో అనే శాస్త్రవేత్త వేల రకాల శిలీంధ్రాలను జల్లెడ పట్టి, చివరికి బియ్యంలో పెరిగిన ఒక బూజు నుంచి దాన్ని తీశారు. తర్వాత 1987లో అమెరికాలో లోవాస్టాటిన్ అమ్మకానికి వచ్చింది. అదీ, ఆ వెనకే వచ్చిన సింవాస్టాటిన్ కూడా ఒంట్లో కొద్ది గంటలే ఉంటాయి. అందుకని రాత్రిపూట వేసుకోమనేవారు, ఆ మాట అలాగే ఉండిపోయింది. మీరు వాడే అటోర్వాస్టాటిన్ పని ఒక రోజంతా నిలుస్తుంది. రోసువాస్టాటిన్ కూడా అంతే. రోజూ ఒకే వేళకు వేసుకోవడమే ముఖ్యం, ఆ వేళ ఏదైనా సరే.

ఇక మీ అబ్బాయి మాట. దీన్ని కొట్టిపారేయను, అందులో నిజం ఉంది. 1983లో నార్వేలోని ట్రోమ్సో పట్టణం నుంచి ఒక పెద్ద అధ్యయనం వెలువడింది. కాఫీ ఎక్కువ తాగేవాళ్లకు కొలెస్ట్రాల్ కూడా ఎక్కువుందని అందులో తేలింది. తీరా ఆరా తీస్తే, అక్కడివాళ్లు ముతక కాఫీపొడిని నీళ్లలో మరిగించి, పొడి అడుక్కి దిగాక వడకట్టకుండానే పైన తేటను తాగేవారు. కాఫీ గింజలో ఉండే నూనెలో కాఫెస్టాల్ అనే పదార్థం ఉంటుంది. కొలెస్ట్రాల్‌ను పెంచేది అది, కెఫీన్ కాదు. రోజుకు 10 మిల్లీగ్రాముల కాఫెస్టాల్ ఒంట్లోకి వెళ్తే కొలెస్ట్రాల్ సుమారు 5 పాయింట్లు పెరుగుతుందని తర్వాతి పరిశోధనల్లో లెక్క తేలింది. కాగితం ఫిల్టర్ గుండా దిగిన కాఫీలో ఆ నూనె దాదాపు మొత్తం కాగితానికే అంటుకుపోతుంది. ఇన్‌స్టంట్ కాఫీలోనూ అది నామమాత్రమే.

మన ఫిల్టర్ సంగతేమిటి? పైగిన్నె అడుగున ఉన్న సన్నటి చిల్లులు పొడిని ఆపుతాయి గానీ కాగితంలా నూనెను పీల్చుకోవు. అయితే నీళ్లు అదిమిన పొడి గుండా చుక్కచుక్కగా దిగుతాయి కాబట్టి కొంత నూనె ఆ పొడిలోనే చిక్కుకుంటుంది. పొడిని గిన్నెలో వేసి కుతకుత మరిగించడంతో ఇది సమానం కాదు. పైగా మన కాఫీపొడిలో చికోరీ కలుస్తుంది. అది వేరు నుంచి చేసే పొడి, అందులో కాఫెస్టాల్ ఉండదు. మీ గ్లాసులో డికాక్షన్ ఎంత? అడుగున రెండు మూడు చెంచాలు, మిగతాదంతా పాలే. కాబట్టి మీ 168లో కాఫీ గింజ వాటా ఉంటే కొద్ది పాయింట్లు ఉంటుంది, అంతకంటే కాదు. ఇంట్లో ఎవరైనా పొడిని నేరుగా మరిగించి తాగే అలవాటు ఉంటే మాత్రం ఫిల్టర్‌కు మారమనండి. మీ అబ్బాయి అక్కడ గాజు జాడీలో పొడి నానబెట్టి జాలీతో కిందికి నొక్కే ఫ్రెంచ్ ప్రెస్ కాఫీ తాగుతుంటే, ఆ జాగ్రత్త మీకంటే ఆయనకే ఎక్కువ అవసరం.

కాఫీ గ్లాసులో నేను చూసేది పాలనూ పంచదారనూ. చిక్కటి పాల ప్యాకెట్‌లో వెన్న శాతం 6. గ్లాసుకు 100 మిల్లీలీటర్ల పాలు పోసినా మూడు కాఫీలకు 300, అంటే 18 గ్రాముల కొవ్వు. అందులో సగానికి పైగా ఎల్‌డీఎల్‌ను పెంచే సంతృప్త కొవ్వే. అదే టోన్డ్ పాలైతే కొవ్వు 9 గ్రాములు, డబుల్ టోన్డ్ అయితే నాలుగున్నర. మీది గోదావరి జిల్లా, ఇంటికి గేదెపాలు పోయించుకుంటుంటే లెక్క ఇంకా పైకి పోతుంది. పాలు కాచి, చల్లారాక పైన కట్టిన మందపాటి మీగడ తీసేసి కాఫీ కలుపుకోండి. ఆ తీసిన మీగడ సాయంత్రానికి నెయ్యి అయి మీ పప్పన్నంలోకే వస్తే మాత్రం ఫలితం ఉండదు, అది కూడా చూసుకోండి. పంచదార రెండు చెంచాల నుంచి ఒకటికి, కొన్నాళ్లకు అరకు దించండి. నాలుక పదిహేను రోజుల్లో అలవాటుపడుతుంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

మీరు వాడే థైరాయిడ్ మాత్ర లెవోథైరాక్సిన్. అది మిల్లీగ్రాముల్లో కాదు, మైక్రోగ్రాముల్లో ఉంటుంది. 100 అంటే గ్రాములో పదివేలో వంతు. అంత చిన్న మోతాదు ఖాళీ పేగు గోడ గుండా రక్తంలోకి చేరాలి. దానితో పాటు కాఫీ దిగితే ఆ చేరడం బాగా తగ్గిపోతుంది. ఇది ఊహ కాదు, మాత్రను నీళ్లతో ఇచ్చి, కాఫీతో ఇచ్చి రక్తంలో కొలిచి చూశారు. మన కాఫీలో అదనంగా పాలు కూడా ఉంటాయి, పాలలోని కాల్షియం కూడా ఆ మందును పట్టి ఉంచేస్తుంది. అంటే కాఫీకి నిజంగా పడనిది మీరు భయపడుతున్న మాత్ర కాదు, ఎనిమిదేళ్లుగా ఏ అనుమానమూ లేకుండా వేసుకుంటున్న మాత్ర.

"కాఫీకి ముందే వేసుకుంటాను" అని రాశారు. ఎంత ముందు? ఒక చేత్తో మాత్ర, ఇంకో చేత్తో గ్లాసు అయితే అది ముందు కాదు. కాఫీకి కనీసం అరగంట ముందు, వీలైతే గంట ముందు వేసుకోవాలి.

ఇది నాకు పుస్తకం ఒక్కటే నేర్పలేదు. మా అమ్మకు కూడా మీలాగే 50తో మొదలై 75, ఆ తర్వాత 100 అయింది. ప్రతిసారీ రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ (ఇది పెరిగిందంటే ఒంటికి థైరాయిడ్ హార్మోను చాలట్లేదని) ఎక్కువే వచ్చేది, ప్రతిసారీ డోసు పెంచేవారు, ఫోన్‌లో నేనూ సరే అనేవాణ్ని. ఒక సంక్రాంతికి ఇంటికి వెళ్లినప్పుడు తెల్లవారుజామున ఐదింటికి వంటింట్లోకి వెళ్లాను. పొయ్యి గట్టు మీద కాఫీపొడి డబ్బా, దాని పక్కనే థైరాయిడ్ మాత్రల సీసా. అమ్మ గ్లాసులో కాఫీ తిరగబోసి, సీసా మూత తీసి, ఒక మాత్ర నాలుక మీద వేసుకుని కాఫీతోనే మింగేసింది. అదేంటమ్మా, పరగడుపున వేసుకోమన్నారు కదా అన్నాను. "పరగడుపేగా, ఇంకా టిఫిన్ తిననేలేదు" అంది. ఆవిడ లెక్కలో కాఫీ తిండి కాదు. ఉపవాసం ఉన్న రోజు కూడా కాఫీ తాగే ఇంట్లో పరగడుపు అనే మాటకు అర్థం అదే. ఆ చీటీ రాసినవారికి అది తోచలేదు, ఎన్నో ఏళ్లుగా అదే చీటీ వందలమందికి రాసిన నాకూ తోచలేదు. ఆ రోజు నుంచీ "పరగడుపున" అని ఊరుకోకుండా "కాఫీ, టీ కూడా తాగకుండా, నీళ్లతో" అని విడమరిచి రాస్తున్నాను. అమ్మ వేళ ఒక్కటి మార్చుకుంది, డోసు మళ్లీ 75కు దించాల్సి వచ్చింది.

దీనికీ మీ కొలెస్ట్రాల్‌కూ చాలా దగ్గరి సంబంధం ఉంది. కాలేయం కణాల మీద రిసెప్టర్లు ఉంటాయి, రక్తంలో తిరిగే ఎల్‌డీఎల్‌ను పట్టి లోపలికి లాగేవి అవే. థైరాయిడ్ హార్మోను తగ్గితే ఆ రిసెప్టర్లు తగ్గుతాయి, ఎల్‌డీఎల్ రక్తంలోనే మిగిలిపోతుంది. మీరు వాడే స్టాటిన్ పనిచేసేది కూడా ఆ రిసెప్టర్లను పెంచే. అంటే మీ థైరాయిడ్ మాత్ర సగం సగం ఒంటబడుతుంటే, ఎల్‌డీఎల్ పెరగడానికి అదే ఒక కారణం అయ్యుండొచ్చు. మీ వయసులో నెలసరి ఆగాక ఎల్‌డీఎల్ కొంత పెరగడం మామూలే, కాబట్టి మొత్తం తప్పు థైరాయిడ్ మీద వేయను. కానీ 168 చూసి కొలెస్ట్రాల్ మాత్ర రాసే ముందు టీఎస్‌హెచ్ చూడాలి. మీ ఉత్తరంలో ఆ అంకె లేదు. చేయించి ఉంటే ఆ రిపోర్టు తీసి చూడండి, లేకపోతే ఈ వారంలోనే చేయించుకోండి.

మీ పిక్కల నొప్పి కూడా ఈ దారిలోకే వస్తుంది. స్టాటిన్ వల్ల కొందరికి కండరాలు నొప్పులు పుడతాయి, అది నిజం. థైరాయిడ్ సరిగా లేనివాళ్లకు ఆ అవకాశం ఎక్కువ. థైరాయిడ్ తక్కువైతే స్టాటిన్ లేకపోయినా కండరాలు పట్టేస్తాయి, బిగుసుకుంటాయి. కాబట్టి మీ నొప్పికి కారణం ఏదో రెండు రోజులు మానేసి చూస్తే తేలదు. ఇంకో సంగతి కూడా చెప్పాలి. 2020లో బ్రిటన్‌లో, స్టాటిన్ పడటం లేదని మానేసిన 60 మందితో ఒక అధ్యయనం చేశారు. కొన్ని నెలలు స్టాటిన్, కొన్ని నెలలు మందు లేని ఉత్త మాత్ర ఇచ్చారు, ఏ నెల ఏదో వాళ్లకు చెప్పలేదు. కొన్ని నెలలు ఏ మాత్రా ఇవ్వలేదు. స్టాటిన్‌తో పడ్డ బాధలో 90 శాతం ఉత్త మాత్ర వేసుకున్న నెలల్లోనూ ఉంది. వాళ్లు అబద్ధం చెప్పారని కాదు. నొప్పి నిజమే, కానీ భయంతో మింగిన ఏ మాత్రైనా ఆ నొప్పిని తేగలదు. రోజూ పొద్దున్నే లివర్ పాడవుతుందేమో అనుకుంటూ మింగితే ఒళ్లు ఊరుకోదమ్మా. నొప్పి ఉన్న మాట మీ డాక్టరు గారికి చెప్పండి, టీఎస్‌హెచ్‌తో పాటు సీపీకే అనే కండరాల పరీక్ష కూడా రాస్తారు. అవి చూసి స్టాటిన్ కొనసాగించాలా, కొన్నాళ్లు ఆపి థైరాయిడ్ సరిచేయాలా అన్నది ఆయన చెప్తారు. నొప్పి ఒక్కసారిగా భరించలేనంత అయినా, కాళ్లు లేవలేనంత నీరసించినా, మూత్రం కోలా రంగులో వచ్చినా మాత్రం పరీక్షల కోసం ఆగకుండా మాత్ర ఆపేసి అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. చాలా అరుదు, కానీ తెలిసి ఉండాలి.

రేపటి నుంచి ఇలా చేసి చూడండి. చాలా ఇళ్లలో రాత్రే డికాక్షన్ వేసి పడుకుంటారు, లేవగానే కాఫీ సిద్ధం. మీరు పొద్దునకు మార్చండి. లేచి మొహం కడుక్కోగానే థైరాయిడ్ మాత్ర గ్లాసుడు నీళ్లతో వేసుకోండి. ఆ తర్వాతే ఫిల్టర్‌లో పొడి అదిమి, మరిగిన నీళ్లు పోసి మూత పెట్టండి. అది చుక్కచుక్కగా దిగుతుండగా వాకిలి ఊడ్చి ముగ్గు పెట్టుకోండి, పాలు కాచుకోండి, పువ్వులు కోసుకోండి. డికాక్షన్ దిగి పాలు పొంగేసరికి ముప్పావు గంట దానంతట అదే గడిచిపోతుంది. గడియారం చూస్తూ కాఫీ కోసం కూర్చోవడం ఎవరి వల్లా కాదు. ఎంత చెప్పినా కుదరకపోతే, రాత్రి భోజనమై మూడు గంటలు గడిచాక పడుకునే ముందు వేసుకోవచ్చు. అది కూడా మంచి పద్ధతే, డాక్టరుతో ఒక మాట చెప్పి మార్చుకోండి. మోకాళ్లకని కాల్షియం మాత్రగానీ, రక్తానికని ఐరన్ మాత్రగానీ వాడుతుంటే థైరాయిడ్ మాత్రకూ దానికీ నాలుగు గంటలు ఎడం ఉండాలి.

కొలెస్ట్రాల్ మాత్రను టిఫిన్ వేళకు జరపండి. ఇడ్లీ ప్లేటు పక్కన పెట్టుకుంటే మర్చిపోరు. మీది అటోర్వాస్టాటిన్ కాబట్టి దీనికి ఇంకే పట్టింపూ లేదు. రోసువాస్టాటిన్ వాడేవాళ్లయితే కడుపులో మంటకు తాగే యాంటాసిడ్ సిరప్‌ను మాత్ర వేసుకున్నాక రెండు గంటలకు గానీ తాగకూడదు, తాగితే మందు సగం వృథా.

మీ థైరాయిడ్ సీసా ఎక్కడ పెడుతున్నారో కూడా చూడండి. పొయ్యి దగ్గర గట్టు మీద వేడి, ఆవిరి రెండూ తగులుతాయి, ఆ మందుకు రెండూ పడవు. పడగ్గదిలో చల్లటి, పొడి చోట పెట్టి, సీసాలో ఉండే చిన్న పొట్లాన్ని అలాగే ఉంచండి, అది తేమను పీల్చడానికే.

ఒక జాగ్రత్త చెప్పకపోతే నేను తప్పు చేసినవాణ్ని అవుతాను. వేళ మార్చగానే ఇన్నాళ్లూ సగం ఒంటబట్టిన 100 ఇకనుంచి పూర్తిగా ఒంటబట్టొచ్చు. అప్పుడు అది మీకు ఎక్కువ కావొచ్చు. గుండె దడ, చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం, ఊరికే విరేచనాలు, బరువు తగ్గడం కనిపిస్తే వెంటనే చెప్పండి. మీ వయసులో థైరాయిడ్ ఎక్కువైతే ఎముకలూ గుల్లబారతాయి, గుండె లయ కూడా తప్పొచ్చు. ఏమీ కనిపించకపోయినా ఆరు నుంచి ఎనిమిది వారాల్లో టీఎస్‌హెచ్, లిపిడ్ ప్రొఫైల్ రెండూ మళ్లీ చేయించండి. మీ డాక్టరు గారితో "ఇన్నాళ్లూ కాఫీతో పాటే వేసుకున్నానండీ, ఫలానా రోజు నుంచి మార్చాను" అని స్పష్టంగా చెప్పండి. ఆ ఒక్క మాట చెప్పకపోతే ఆయన అంకె చూసి డోసు ఎటు మార్చాలో తెలియక తికమకపడతారు. దాచుకోవాల్సిన తప్పు కాదిది, మీకెవరూ విడమరిచి చెప్పలేదు.

పరీక్ష రోజు పొద్దున మాత్రం కాఫీ వద్దు. పాలు, పంచదార లేని డికాక్షన్ కూడా వద్దు, నీళ్లే. థైరాయిడ్ మాత్ర కూడా వేసుకోకుండా వెళ్లి రక్తం ఇచ్చి రండి. ల్యాబ్ తెరవగానే మొదటి వరసలో ఉండేలా చూసుకోండి. ఇంటికొచ్చి మాత్ర వేసుకుని, ఫిల్టర్‌లో పొడి వేయండి. రిపోర్టులు వచ్చాక ఆ రెండు అంకెలూ నాకు రాయండి.